ఇంగ్లీషు నేర్చుకుంటున్న పాఠకులకు గ్రంథాలయ సిబ్బంది ఎలా తోడ్పడాలి: బెంగళూరు కౌంటరు నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

తూర్పు బెంగళూరులోని ఒక చిన్న గ్రంథాలయంలో పదకొండేళ్లుగా కౌంటరు దగ్గర కూర్చుంటున్నాను. మొదటి ఏడాదిలోనే ఒక తప్పు చేశాను. ఈ మార్గదర్శికి మూలం ఆ తప్పే. మదనపల్లె వైపు నుంచి వచ్చి కొత్త భవనాల్లో ఎలక్ట్రీషియన్‌గా పనిచేస్తున్న ఒకాయన ఒక సాయంత్రం వచ్చి, ప్రతి మాటనూ తడిమి చూసుకుంటూ, ఇంగ్లీషులో ఏదో పుస్తకం అడగబోయాడు. యాస వినగానే మనవాడని గుర్తుపట్టి, ఆయన వాక్యం పూర్తి కాకముందే తెలుగులో సమాధానం చెప్పి, పుస్తకం తెచ్చి చేతిలో పెట్టాను. సాయం చేశాననే అనుకున్నాను. తర్వాత రెండు నెలల పాటు ఆయన కనబడలేదు. మళ్లీ వచ్చినప్పుడు కారణం అడిగితే, "నాలుగుసార్లు ఇంట్లో చెప్పుకొని వచ్చినా సార్. మీరు గభాల్న తెలుగులో చెప్పేస్తిరి" అన్నాడు.

ఇంగ్లీషు నేర్చుకునేవారికి ఈ నగరంలో కోచింగ్ సెంటర్లకు కొదవ లేదు, యూట్యూబు ఉండనే ఉంది. వచ్చీరాని ఇంగ్లీషును ఒకసారి వాడి చూసుకోవడానికి, తప్పు దొర్లినా నష్టం లేని చోటు మాత్రం దొరకదు. ఇంటర్వ్యూలో తడబడితే ఉద్యోగం పోతుంది, ఆఫీసులో తడబడితే పరువు పోతుంది. గ్రంథాలయ కౌంటరు దగ్గర తడబడితే పోయేదేమీ లేదు. సిబ్బంది చేయవలసింది ఇంగ్లీషు బోధించడం కాదు, ఆ చోటును కాపాడడం. కింద చెప్పే మెట్లన్నీ దాని కోసమే.

మొదటి మెట్టు: పాఠకుడు ఏ లిపి చదువుతాడో తెలుసుకోండి

తెలుగు మాట్లాడే ప్రతివారూ తెలుగు చదవగలరని అనుకోవడం బెంగళూరులో మొట్టమొదటి పొరపాటు. ఇక్కడ తెలుగువారు రెండు రకాలు. కర్నూలు, అనంతపురం, చిత్తూరు, కడప జిల్లాల నుంచో, ఇంకా దూరం నుంచో పనికోసం, చదువుకోసం వచ్చినవారు తెలుగు లిపి చదువుతారు. తరతరాలుగా బెంగళూరులోనూ, కోలారు, ఆనేకల్ వైపునా ఉంటున్న తెలుగు కుటుంబాల వారిలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడినా, బడిలో కన్నడమే చదివినవారు. వీరికి తెలుగు–ఇంగ్లీషు ద్విభాషా పుస్తకం ఇస్తే రెండు పక్కలా చదవలేని పుస్తకం ఇచ్చినట్లే అవుతుంది; వారికి కావలసింది కన్నడ–ఇంగ్లీషు పుస్తకం. అందుచేత "మీది ఏ భాష?" అని కాకుండా, "మీకు ఏ అక్షరాలు చదవడం సులువు?" అని అడగండి.

కన్నడం తెలిసిన సిబ్బందికి ఇందులో ఒక వెసులుబాటు ఉంది. కన్నడ, తెలుగు లిపులు ఒకే పాత లిపి నుంచి విడివడినవి కాబట్టి, తలకట్టు తేడాను, నాలుగైదు అక్షరాల తేడాను గుర్తుపెట్టుకుంటే తెలుగు పుస్తకం పేరును కూడబలుక్కొని చదవడం వారం రోజుల్లో పట్టుబడుతుంది. మా సహోద్యోగి, అచ్చమైన మైసూరు మనిషి, ఇలాగే తెలుగు ర్యాకు మొత్తాన్ని తానే సర్దుతుంది. పేర్లు చదువుతుంది, అర్థం మాత్రం నన్ను అడుగుతుంది.

రెండో మెట్టు: ఏ భాషలో మాట్లాడాలో పాఠకుడినే ఎంచుకోనివ్వండి

పాఠకుడు ఇంగ్లీషులో మొదలుపెడితే, ఎంత తడబడినా సరే, మీరూ ఇంగ్లీషులోనే కొనసాగించండి. అతని మాట ఆగిపోయినప్పుడు వెంటనే అందించకండి. మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టండి. ఆ అయిదు అంకెల మౌనం కౌంటరు దగ్గర చాలా పొడుగ్గా అనిపిస్తుంది. అయినా ఆగండి, చాలాసార్లు ఆ మాట దానంతటదే బయటికి వస్తుంది. రాకపోతే రెండు మాటలు ఇచ్చి ఒకటి ఎంచుకోమనండి: కథల పుస్తకమా, వ్యాకరణమా? ఆయనే తెలుగులోకో కన్నడంలోకో మారితే, ఏమీ జరగనట్లు మీరూ మారిపోండి. ఆ మార్పు గురించి వ్యాఖ్య వద్దు, మెచ్చుకోలు కూడా వద్దు. "మీ ఇంగ్లీషు బాగానే ఉందే!" అనే మాట పొగడ్తలా వినిపించదు, పరీక్షలో వేసిన మార్కులా వినిపిస్తుంది.

ఆధునిక భారతీయ గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు సూత్రాలలో నాలుగోది పాఠకుని కాలాన్ని ఆదా చేయమని చెబుతుంది. ఆయన 1962లో బెంగళూరులోనే డాక్యుమెంటేషన్ పరిశోధన, శిక్షణ కేంద్రాన్ని నెలకొల్పారు కాబట్టి ఈ ఊరి గ్రంథాలయ సిబ్బందికి ఆ సూత్రం అమ్మ చెప్పిన మాటలాంటిది. కానీ ఇంగ్లీషు నేర్చుకునే పాఠకుడి విషయంలో ఆ సూత్రాన్ని కొంచెం నిదానంగా అన్వయించుకోవాలి. పుస్తకం వెతకడంలో అతని కాలం ఆదా చేయండి, మాట వెతుక్కోవడంలో మాత్రం వద్దు.

మూడో మెట్టు: కౌంటరు దగ్గర మీ ఇంగ్లీషును సవరించుకోండి

మనం నిదానంగా మాట్లాడమంటే గట్టిగా మాట్లాడతాం. పాఠకుడికి రానిది ఇంగ్లీషు, వినికిడి కాదు. ఇంకొందరు ముక్కలు ముక్కలుగా, క్రియలు లేకుండా, "యూ కార్డ్ గివ్, ఐ బుక్ గివ్" అన్న ధోరణిలో మాట్లాడతారు. నేర్చుకునేవాడు మీ నోటినుంచి విన్నదే పట్టుకుపోతాడు కాబట్టి ఇది అపకారం. పూర్తి వాక్యాలే చెప్పండి, కానీ ఒక వాక్యంలో ఒక్క విషయమే ఉంచండి, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఊపిరి తీసుకునేంత విరామం ఇవ్వండి. అమెరికా ప్రభుత్వ రేడియో వాయిస్ ఆఫ్ అమెరికా 1959లో విదేశీ శ్రోతల కోసం ప్రారంభించిన వార్తా ప్రసారాల్లో సుమారు 1500 పదాలనే వాడుతూ, మామూలు వేగంలో మూడింట రెండు వంతుల వేగంతో చదివేవారు. మనకు కావలసిన కొలత అదే.

మన వృత్తి పదాలు ఇంకో చిక్కు. ఇష్యూ అంటే మనకు పుస్తకం ఇవ్వడం. బయట ఆఫీసుల్లో ఇష్యూ అంటే సమస్య. ఫైన్ అంటే మనకు జరిమానా. పాఠకుడికి తెలిసిన ఫైన్ "ఐ యామ్ ఫైన్" లోనిది. ఒక అమ్మాయికి "దేర్ ఈజ్ ఎ ఫైన్" అని చెబితే, థాంక్యూ అని నవ్వి వెళ్లిపోయింది. ఆ అయిదు రూపాయలు వదిలేశాం. ఇలాంటి పదాలను పదిహేనో ఇరవయ్యో ఒక అట్టమీద రాసి, పక్కన మామూలు ఇంగ్లీషు వాక్యం, దాని పక్కన కన్నడం, తెలుగు రాసి కౌంటరు మీద పెట్టండి. గడువు తేదీ, రెన్యూవల్, రిఫరెన్స్, డిపాజిట్, రిజర్వు వంటివి అందులో తప్పక ఉండాలి. గడువు తేదీని అంకెల్లోనే కాకుండా వారం పేరుతో కలిపి రాసి ఇవ్వండి.

అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త ఒకటుంది, అది ఏ శిక్షణలోనూ నాకెవరూ చెప్పలేదు. వ్యతిరేకార్థక ప్రశ్నలు అడగకండి. "కార్డు తేలేదా?" అని తెలుగులో అడిగితే, తేనివారు "అవునండీ, తేలేదు" అంటారు. అదే ప్రశ్నను ఇంగ్లీషులో అడిగితే తేనివారు "నో" అనాలి. తెలుగువారు, ఆ మాటకొస్తే కన్నడిగులు కూడా, తమ భాష అలవాటు చొప్పున "యెస్" అంటారు. మీరేమో తెచ్చారనుకుని చెయ్యి చాపుతారు. "డూ యూ హావ్ ద కార్డ్?" అని నేరుగా అడిగితే ఈ గొడవే ఉండదు. అలాగే "అర్థమైందా?" అని అడగడం కూడా వృథా, ఎందుకంటే మొహమాటానికి ఎవరైనా అర్థమైందనే అంటారు. "పుస్తకం ఎప్పుడు తిరిగి తెస్తారు?" అని అడగండి. వచ్చిన జవాబే అర్థమైందో లేదో చెబుతుంది.

నాలుగో మెట్టు: తప్పు ఎక్కడినుంచి వస్తున్నదో గుర్తించండి

సిబ్బంది వ్యాకరణం బోధించనక్కరలేదు గానీ, తెలుగు నీడ పడిన ఇంగ్లీషును సరిగా అర్థం చేసుకోవడం నేర్చుకోవాలి. లేకపోతే పాఠకుడు చెప్పింది ఒకటి, మనం విన్నది ఒకటి అవుతుంది. తెలుగులో "రోజూ వస్తాను", "రేపు వస్తాను" అనే రెండు వాక్యాలకూ క్రియ ఒకటే. అందుకే "డైలీ ఐ విల్ కమ్" అన్న పాఠకుడు భవిష్యత్తు గురించి వాగ్దానం చేయడం లేదు, తన అలవాటు చెబుతున్నాడు. తెలుగులో "కదా" అన్న ఒక్క మాటే ఇంగ్లీషు వాక్యాల చివర వేషాలు మార్చుకునే డజను తోక ప్రశ్నల పని చేస్తుంది; కాబట్టి ప్రతి వాక్యం చివరా "ఈజింట్ ఇట్" అని వస్తే చిరాకు పడకండి. మనకు నామవాచకం ముందు ఏ, ద వంటివి లేవు, విభక్తి మాటకు వెనక వస్తుంది, మాట చివర అచ్చు పలకడం అలవాటు. బస్సు, బుక్కు, కార్డు అనడం మన నాలుక స్వభావం. అది పాఠకుడి నిర్లక్ష్యమని అనుకోకండి. ఎగ్ అనేది యెగ్ కావడం, ఓన్లీ అనేది వోన్లీ కావడం ఇదే కోవకు చెందినవి.

వీటిని సరిదిద్దాలా? కౌంటరు దగ్గర వద్దు. సరైన రూపాన్ని మీ జవాబులో సహజంగా వినిపించండి, అంతే చాలు. "ఐ విల్" వంటి మాటను పట్టుకుని పాఠం మొదలుపెడితే వెనక వరుసలో నిలబడ్డ నలుగురూ ఆ పాఠం వింటారు. అడిగి దిద్దించుకునేవారు ఉంటారు. వారికి పక్కకు తీసుకెళ్లి చెప్పండి.

అయిదో మెట్టు: సభ్యత్వం

ఇది చిన్న విషయమే అయినా చాలామంది ఇక్కడే వెనుదిరుగుతారు. పీజీ హాస్టళ్లలో, కూలి పనుల దగ్గర వేసుకున్న షెడ్లలో ఉండేవారి ఆధార్ కార్డు మీద సొంత ఊరి చిరునామా ఉంటుంది. మీ నియమాలు ఒప్పుకుంటే యజమాని లేఖనో, ఉద్యోగ గుర్తింపు కార్డునో అంగీకరించండి. ఒప్పుకోకపోతే లోపల కూర్చుని చదువుకోవచ్చన్న సంగతైనా స్పష్టంగా చెప్పండి. కర్ణాటకలో 1965 నాటి ప్రజా గ్రంథాలయాల చట్టం కింద ఆస్తిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది, ఇప్పుడది ఆస్తిపన్నులో 6 శాతం. అద్దె కట్టేవాడి డబ్బులోంచి కూడా అందులో కొంత పోతున్నదని నేను అప్పుడప్పుడూ మా వాళ్లకు గుర్తుచేస్తుంటాను. దరఖాస్తు పత్రాన్ని పాఠకుడి చేతే ఇంగ్లీషులో నింపించండి, పక్కన నింపిన నమూనా ఒకటి ఉంచండి. ఇంగ్లీషు బలహీనమని ఎక్కడా నమోదు చేయకండి.

ఆరో మెట్టు: చెల్లాచెదురైన పుస్తకాలను ఒక చోటికి చేర్చండి

పుస్తకాలకు విషయాన్ని బట్టి సంఖ్యలు ఇచ్చే డ్యూయీ దశాంశ పద్ధతి పాటించే గ్రంథాలయంలో ఇంగ్లీషు నేర్చుకునేవారి పుస్తకాలు ఎన్ని చోట్ల ఉంటాయో ఒకసారి నడిచి చూడండి. ఇంగ్లీషు నిఘంటువులు 423లో, వ్యాకరణం 425లో, వాడుక, అభ్యాస పుస్తకాలు 428లో ఉంటాయి. ఉద్యోగ ఇంటర్వ్యూల పుస్తకాలు 650.14 దగ్గర, నవలలు 823లో. ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు తరచుగా తెలుగు భాష సంఖ్య అయిన 494.827 కింద, హాలుకు ఇంకో చివరన ఉంటుంది. భాష రాని మనిషిని ఇన్ని ర్యాకుల చుట్టూ తిప్పడం ఏం న్యాయం? సంఖ్యలు మార్చనక్కరలేదు. ప్రతి వర్గం నుంచి కొన్ని పుస్తకాలు తీసి, వెన్నుమీద ఒక రంగు చీటీ అంటించి, కౌంటరుకు కనబడే దూరంలో ఒక ర్యాకులో పెట్టండి; కేటలాగులో ఆ స్థానాన్ని నమోదు చేయండి. కౌంటరుకు మరీ ఆనుకుని మాత్రం పెట్టకండి, ఎందుకంటే ఎవరూ చూడకుండా సులువైన పుస్తకం తిరగేసే స్వేచ్ఛ పెద్దవాళ్లకు కావాలి.

ఆ ర్యాకులో ఏముండాలన్నది అసలు ప్రశ్న. పెద్దవాళ్లకు పిల్లల బొమ్మల పుస్తకాలు ఇస్తే చిన్నబుచ్చుకుంటారు. అయితే అదే పుస్తకాన్ని వారి పిల్లలకు చదివి వినిపించమని ఇస్తే సంతోషంగా తీసుకెళతారు. మా దగ్గర గృహిణులు ఎక్కువగా నేర్చుకున్నది ఈ దారినే. బెంగళూరు కేంద్రంగా 2004 నుంచి పనిచేస్తున్న పిల్లల పుస్తకాల ప్రచురణ సంస్థ ప్రథమ్ బుక్స్ వారి ద్విభాషా పుస్తకాలు ఇందుకు బాగా పనికొస్తాయి. వారే 2015లో ప్రారంభించిన కథల వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో కథలు నాలుగు పఠన స్థాయులుగా విభజించి ఉంటాయి; తెలుగు, కన్నడ, ఇంగ్లీషు రూపాలు ఉచితంగా దొరుకుతాయి, స్వేచ్ఛా లైసెన్సు ఉన్నందువల్ల ముద్రించి పంచుకోవచ్చు. ఒకే కథను రెండు భాషల్లో ముద్రించి, ఎదురెదురు పుటలుగా కుట్టి పెట్టండి. పెద్దలకోసం ప్రచురణకర్తలు పదాల సంఖ్యను బట్టి స్థాయులు నిర్ణయించి తెచ్చే సరళ కథల పుస్తకాలు కొనండి. వాటిమీద ఏ1 నుంచి సీ2 వరకు కనబడే గుర్తులు 2001లో ప్రచురితమైన యూరోపియన్ భాషా ప్రమాణాలలోని ఆరు స్థాయులు. పాఠకుడికి ఆ గుర్తులు చెప్పనక్కరలేదు, సిబ్బందికి తెలిస్తే చాలు.

నిఘంటువుల విషయంలో ఒక మాట. పాత తరం ఇంగ్లీషు–తెలుగు నిఘంటువుల్లో అర్థాలు గ్రాంథికంలో ఉంటాయి. ఇంగ్లీషు మాట తెలియక నిఘంటువు తెరిచినవాడు, తెలుగు మాటకు ఇంకో నిఘంటువు వెతుక్కోవలసి వస్తుంది. వాడుక భాషలో అర్థాలు, ఉదాహరణ వాక్యాలు ఉన్నవి చూసి కొనండి.

ఏడో మెట్టు: పుస్తకం సరిపోతుందో లేదో అక్కడే తేల్చండి

పదజాలం మీద పరిశోధించిన పాల్ నేషన్ వంటివారు చెప్పేదేమిటంటే, ఎవరి సాయమూ లేకుండా హాయిగా చదవాలంటే పుటలోని మాటల్లో నూటికి 98 తెలిసి ఉండాలి. దీన్ని కౌంటరు లెక్కగా మార్చుకోవచ్చు. సుమారు 200 మాటలున్న పుట ఒకటి మధ్యనుంచి తెరిచి, తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు మడవమనండి. నాలుగు వేళ్ల లోపే మడిస్తే పుస్తకం ఇంటికి తీసుకెళ్లవచ్చు. పది వరకు వస్తే నిఘంటువు తోడుగా చదవాలి. అంతకు మించితే ఇంకో మెట్టు దిగడమే మంచిది. ఈ పరీక్షను పాఠకుడు ఒంటరిగా, మీకు చూపించకుండా చేసుకోవాలి. పేరున్న నవలే కావాలని పట్టుబట్టేవారికి అడ్డు చెప్పకండి. ఇచ్చి, దానితోపాటు చేతికందే చిన్నదొకటి కూడా ఇవ్వండి. రెండింటిలో ఏది నలిగి తిరిగి వస్తుందో చూడండి.

ఎనిమిదో మెట్టు: ఫోనును కాదనకండి, పూర్తిగా నమ్మనివ్వకండి

గూగుల్ ట్రాన్స్‌లేట్ కెమెరా ప్రతి పాఠకుడి చేతిలోనూ ఉంది. పుట మీద పెట్టి మొత్తం తెలుగులో చదివేస్తే ఇంగ్లీషు రాదని మాత్రం చెప్పండి. మాట మాటకు వాడమనండి, ఉచ్చారణ వినమనండి. తెలుగు నుంచి ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు ఎక్కడ బోల్తా పడుతుందో ఒక ఉదాహరణ చూపించండి: "వచ్చింది" అంటే ఆమె వచ్చినా, పార్శిల్ వచ్చినా క్రియ ఒకటే, కర్త చెప్పకపోతే యంత్రం ఊహించుకోవలసిందే. బ్రిటిష్ కౌన్సిల్, బీబీసీ నేర్చుకునేవారి కోసం ఉచితంగా నడిపే వెబ్‌సైట్లను గ్రంథాలయ కంప్యూటర్లలో మొదటి పుటలోనే పెట్టి, హెడ్‌ఫోన్లు ఇవ్వండి. హెడ్‌ఫోన్లు లేకపోతే ఆ కంప్యూటర్ల దగ్గర ఎవరూ నోరు తెరవరు.

తొమ్మిదో మెట్టు: వారానికొక మాటల గుంపు

స్థలం ఉంటే ఆదివారం ఒక గంట కేటాయించండి. ఆరుగురో ఎనిమిదిమందో ఉంటే చాలు, పదిమంది దాటితే ఇద్దరే మాట్లాడతారు. గుండ్రంగా కూర్చోబెట్టండి, బల్ల వద్దు. ఈ పనికి ముందుకు వచ్చే స్వచ్ఛంద సేవకులు బెంగళూరులో ఎక్కువగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. మంచివారే, కానీ గంటలో నలభై నిమిషాలు తామే మాట్లాడతారు. అందుకని మొదటే ఒక కట్టుబాటు చెప్పండి: నడిపేవారు ప్రశ్న వేసి ఊరుకోవాలి, వాక్యం మధ్యలో దిద్దకూడదు, వినబడిన తప్పులు కాగితం మీద రాసుకుని చివరి అయిదు నిమిషాల్లో మూడింటిని మాత్రమే, ఎవరివో చెప్పకుండా వివరించాలి.

విషయాలు బతుకులోంచి తీసుకోండి. పీజీ యజమానితో నీళ్ల గురించి మాట్లాడడం, ఆటో డ్రైవరుతో బేరం, బ్యాంకులో కేవైసీ, పిల్లల బడిలో టీచరుతో సమావేశం, డాక్టరుకు నొప్పి ఎక్కడో చెప్పడం. మా గుంపులో అందరికంటే జోరుగా నడిచిన గంట సంక్రాంతి అరిసెలు ఎలా చేయాలో ఇంగ్లీషులో చెప్పించిన గంట. పాకం పట్టడానికి ఇంగ్లీషు మాట ఏదన్న దానిమీద ఇరవై నిమిషాలు వాదన జరిగింది, చివరికి ఎవరూ గెలవలేదు గానీ ఎప్పుడూ నోరు విప్పని ఒకావిడ ఆ రోజు అందరికంటే ఎక్కువ మాట్లాడింది. వేళల విషయం కూడా ఆలోచించండి. గృహిణులకు పొద్దున పదకొండు తర్వాత, డెలివరీ పని చేసేవారికి మధ్యాహ్నం మూడు తర్వాత, ఉద్యోగం వెతుక్కునేవారికి సాయంత్రం వీలవుతుంది. పిల్లలతో వచ్చే తల్లులను వద్దనకండి. పక్కనే చాప పరచి నాలుగు పుస్తకాలు వేస్తే సరిపోతుంది.

పదో మెట్టు: పరీక్షలకు చదివేవారు

విదేశాల్లో చదువుకో, ఉద్యోగానికో ఇంగ్లీషు పరీక్షలు రాసే వీరి అవసరం వేరు. ఐఈఎల్‌టీఎస్‌లో పఠన విభాగానికి 60 నిమిషాల్లో 40 ప్రశ్నలు, మాట్లాడే పరీక్షకు 11 నుంచి 14 నిమిషాలు ఉంటాయి. విదేశాలకు వెళ్లదలచిన నర్సులు వైద్యవృత్తుల కోసం ప్రత్యేకించిన ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్ష కూడా రాస్తారు. వీరికి కావలసింది గడియారం కనబడే నిశ్శబ్దమైన మూల, రాతలు రాయని అభ్యాస పుస్తకాలు. అభ్యాస పుస్తకాల్లో జవాబులు పెన్సిలుతో నింపేస్తారు కాబట్టి, తిరిగి వచ్చినప్పుడు రబ్బరుతో తుడిచే పని ఎవరిదో ముందే నిర్ణయించుకోండి. మా దగ్గర అది నాది.

పదకొండో మెట్టు: దొరకనివాటి రిజిస్టరు

ఇష్యూ అయిన పుస్తకాల లెక్క ఎలాగూ ఉంటుంది. దానికి తోడు, పాఠకుడు అడిగి మన దగ్గర దొరకనివాటికి ఒక రిజిస్టరు పెట్టండి. అడిగినవారి పేరు వద్దు. తేదీ, అడిగిన విషయం, వారు వాడిన మాట చాలు. వారు వాడిన మాటనే రాయడం ముఖ్యం. "స్పోకెన్" అని అడిగినవారు, "గ్రామర్" అని అడిగినవారు, "ఆఫీసులో మెయిల్ రాయడానికి" అని అడిగినవారు చూడడానికి ఒకే ర్యాకు దగ్గరికి వచ్చినా, ఒకే పుస్తకం కోసం రాలేదు. మూడు నెలలకోసారి ఆ రిజిస్టరును ముందు పెట్టుకుని కొనుగోలు జాబితా తయారుచేయండి, రంగు చీటీల ర్యాకులో ఆ మూడు నెలల్లో ఎవరూ ముట్టని పుస్తకాలను వాటి అసలు స్థానాలకు పంపండి. పోయిన త్రైమాసికంలో మా రిజిస్టరులో ఎక్కువసార్లు పడిన మాట "జీతం పెంచమని అడగడం". దానికి సరిపోయే పుస్తకం ఇంకా వెతుకుతున్నాం. ఈలోగా ఆదివారం గుంపులో దాన్నే విషయంగా పెట్టాం.